లీడ్ గిటార్‌కు గెయిన్, సస్టెయిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంప్‌లు, పెడల్స్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ డబ్బాలు) బాగుచేసే బల్ల దగ్గర కూర్చుంటే వినబడే మాట ఒకటే: "లీడ్ వాయిస్తుంటే నోటు నిలబడట్లేదన్నా." లీడ్ అంటే పాటలో ముందుకొచ్చి వినిపించే సోలో వాయింపు, నోటు అలా నిలబడటమే సస్టెయిన్. తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా దాదాపు అవే. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పేకంటే రాసిపెట్టడం నయమనిపించింది. గిటార్ దగ్గర మొదలై స్పీకర్ దాకా, సిగ్నల్ వెళ్ళే వరుసలో పెట్టాను. అన్నీ చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్ళండి.

## మొదట తేలాల్సినవి

గెయిన్, వాల్యూమ్ రెండూ ఒకటే కదా? రెండు నాబ్‌లు ఎందుకు?

ఒకటి కాదు. వచ్చిన సిగ్నల్‌ను ప్రీఆంప్ (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే ఆంప్ విభాగం) లోపల ఎన్ని రెట్లు పెంచాలో గెయిన్ తేలుస్తుంది. అలా తయారైన శబ్దాన్ని ఎంత బయటికి వదలాలో వాల్యూమ్ తేలుస్తుంది. కొన్ని ఆంప్‌ల మీద దీన్ని మాస్టర్ అని రాస్తారు. గెయిన్ పెంచుతూ పోతే ఒక దశలో లోపల సిగ్నల్‌కు చోటు చాలదు. అల పైకొస, కిందికొస తెగిపోయి చదునుగా మారతాయి. అదే క్లిప్పింగ్, మన చెవికి డిస్టార్షన్. ఇంట్లో చిన్న శబ్దంతో కూడా కరకరమనే లీడ్ టోన్ రావడానికి కారణం ఇదే: గెయిన్ ఎక్కువ, మాస్టర్ తక్కువ.

గెయిన్ పెంచితే సస్టెయిన్ ఎలా పెరుగుతుంది? తీగ ఎక్కువసేపు ఊగుతుందా?

తీగ ఊగేది అంతే. అది తగ్గిపోవడం మనకు ఆలస్యంగా తెలుస్తుంది. మీటిన క్షణంలో సిగ్నల్ చాలా పెద్దది, కానీ క్లిప్పింగ్ దాన్ని ఒక ఎత్తు దగ్గర కోసేస్తుంది. తీగ నెమ్మదించి సిగ్నల్ సగమైనా, ఆ సగం కూడా కోత గీతకు పైనే ఉంటే బయటికొచ్చే శబ్దం మారదు. గీత కిందికి జారినప్పుడే నోటు చచ్చిపోతున్నట్టు వినిపిస్తుంది.

లెక్క కూడా కష్టం కాదు. గెయిన్ రెట్టింపు అంటే 6 డెసిబెల్స్. మీ తీగ సెకనుకు 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతోందనుకుంటే, గెయిన్ రెట్టింపు చేస్తే మీకు దొరికేది ఇంకో సెకను. నాలుగింతలు చేస్తే రెండు సెకన్లు. అదే తీగ సెకనుకు 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంటే, రెట్టింపు గెయిన్‌కు దక్కేది అర సెకనే. గిటార్ సరిగా లేకపోతే ఎంత గెయిన్ పోసినా లాభం ఎందుకు ఉండదో దీన్ని బట్టి అర్థమవుతుంది.

గెయిన్ ఫుల్ పెట్టినా రెండు సెకన్లకే నోటు పోతోంది. ప్రీఆంప్ పాడైందా?

చాలాసార్లు ప్రీఆంప్ తప్పేమీ ఉండదు. ముందు ఆంప్ ఆపేసి, గిటార్‌ను చెవి దగ్గర పెట్టుకుని అదే నోటు మీటండి. అక్కడే త్వరగా చస్తోంటే తప్పు ఫ్రెట్‌దో, తీగదో, పికప్ (తీగ ఊపును సిగ్నల్‌గా మార్చే భాగం) ఎత్తుదో. ఆంప్ లేకుండా బాగా నిలిచి, ఆంప్‌లో మాత్రం పోతోంటే అప్పుడు నాయిస్ గేట్ (వాయించనప్పుడు గోలను మూసేసే పెడల్) చూడండి, కేబుల్ చూడండి, ఆ తర్వాతే ప్రీఆంప్ సంగతి.

ఒక్క ఫ్రెట్ దగ్గరే చస్తుంటే అది డెడ్ స్పాట్. ఆ స్వరం దగ్గర నెక్ తానే ఊగి తీగ శక్తిని లాగేసుకుంటుంది. నెక్‌ను బోల్ట్‌లతో బిగించిన ఎలక్ట్రిక్ గిటార్లలో సన్న తీగల మీద 12వ ఫ్రెట్‌కు ముందు ఎక్కడో ఒకచోట తగలడం మామూలే. దానికి ప్రీఆంప్‌లో మందు లేదు. అదే స్వరాన్ని పక్క తీగ మీద వాయించండి.

## గిటార్ దగ్గర

పికప్‌లు తీగలకు దగ్గరగా పెడితే సిగ్నల్ ఎక్కువొస్తుంది కదా, ఎంత దగ్గర పెట్టాలి?

సిగ్నల్ ఎక్కువొస్తుంది, నిజమే. కానీ సింగిల్ కాయిల్ పికప్‌లలో అయస్కాంతపు కడ్డీలు నేరుగా తీగల కింద ఉంటాయి. మరీ దగ్గరైతే అవే తీగను లాగి పట్టుకుంటాయి. లావు తీగ మీద పై ఫ్రెట్లలో వాయిస్తే నోటు వణికినట్టు, శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది, సస్టెయిన్ పోతుంది. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి, తీగ అడుగుకూ పికప్‌కూ మధ్య లావు తీగ వైపు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంచి మొదలుపెట్టండి. హమ్‌బకర్లు (రెండు కాయిల్స్ ఉన్న పికప్‌లు) ఇంకాస్త దగ్గరగా ఉన్నా ఓర్చుకుంటాయి. గెయిన్ కోసం పికప్‌ను పైకి లేపి సస్టెయిన్ పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. స్క్రూడ్రైవర్‌తో అర నిమిషం పని, దానికి ముందే కొత్త పెడల్ కొనేసి ఉంటారు.

లీడ్ కోసం హాట్ పికప్ వేయించుకోవాలా?

తప్పనిసరి కాదు. కాయిల్ నిరోధం చూస్తే మామూలు స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా సింగిల్ కాయిల్ 6 కిలో ఓమ్స్ దగ్గర ఉంటుంది, పాతకాలపు హమ్‌బకర్ 8 దగ్గర, హాట్ అని అమ్మేవి 13 నుంచి 16 దాకా. చుట్లు పెరిగితే ఔట్‌పుట్ పెరుగుతుంది, దాంతోపాటు పై ట్రెబుల్ తగ్గి మిడ్ (బేస్‌కూ ట్రెబుల్‌కూ మధ్యది) ఉబ్బుతుంది. ఆంప్‌లో గెయిన్ తక్కువున్న రోజుల్లో ఇది బాగా అక్కరకొచ్చింది. ఇప్పుడు చిన్న బూస్ట్ పెడల్ ఆ పని చేస్తుంది, పైగా కాలితో ఆపేయొచ్చు. వేయించుకున్న పికప్‌ను పాట మధ్యలో ఆపలేం కదా.

తీగలు ఎంత లావు ఉండాలి? ఎన్నాళ్ళకు మార్చాలి?

లీడ్‌కు 9–42 సెట్ (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) లేదా 10–46 సెట్, రెండూ మంచివే. 10–46 కాస్త ఎక్కువ సిగ్నల్ ఇస్తుంది, 9–42 మీద బెండ్‌లు (తీగను పక్కకు లాగి స్వరం పెంచడం) తేలిక. వేలు నొప్పెట్టి బెండ్ మధ్యలో పట్టు వదిలేస్తే లావు తీగ ఇచ్చే లాభం అక్కడే పోతుంది. మార్చడం గురించి చెప్పాలంటే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వేలితో తడిమితే గరగరలాడే తీగ ఫ్రెట్ మీద సమంగా ఊగదు. వాయించాక పొడిగుడ్డతో తుడిచే అలవాటుంటే ఇంకొన్నాళ్ళు వస్తాయి.

గిటార్ వాల్యూమ్ ఎప్పుడూ పదిలోనే ఉంచాలా?

వద్దు. రిథమ్‌కు 6 లేదా 7లో ఉంచి, సోలో వచ్చినప్పుడు 10కి తిప్పితే అదే మీ మొదటి బూస్ట్, పైసా ఖర్చులేదు. తగ్గించినప్పుడు టోన్ మసకబారితే కారణం కేబుల్. మామూలు గిటార్ కేబుల్ మీటరుకు 100 పికోఫారడ్లకు అటూఇటూ కెపాసిటెన్స్ పట్టి ఉంటుంది. వాల్యూమ్ తగ్గించేకొద్దీ అది ట్రెబుల్‌ను తినేస్తుంది. వాల్యూమ్ నాబ్ కిందుండే పాట్ మీద ట్రెబుల్ బ్లీడ్ కెపాసిటర్ వేయించుకుంటే ఆ సమస్య చాలావరకు తీరుతుంది. పది మీటర్ల కేబుల్ మానేసి మూడు మీటర్లది వాడినా తేడా వినిపిస్తుంది.

## ప్రీఆంప్‌కు ముందు: పెడల్స్

ఇప్పటికే డిస్టార్షన్ ఉన్న ఆంప్ ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్ ఎందుకు పెడతారు?

ఈ పేజీ మొత్తంలో నాకు ఇష్టమైన ప్రశ్న ఇది.

ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఆకుపచ్చ పెడల్‌లో డ్రైవ్ సున్నా దగ్గర, లెవెల్ ఫుల్, టోన్ మధ్యలో పెట్టి డిస్టార్షన్ ఛానల్ ముందు వాడతారు. చూసేవాళ్ళకు వింతగా ఉంటుంది, డ్రైవ్ పెడల్ కొని డ్రైవ్ సున్నాలో పెట్టడమేమిటని. అసలు పని జరిగేది బేస్ దగ్గర. ఆ సర్క్యూట్‌లో 4.7 కిలో ఓమ్స్ రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి సుమారు 720 హెర్ట్జ్ కింద గెయిన్‌ను తగ్గిస్తూ పోతాయి. తీగలో అన్నిటికంటే పెద్ద ఊపు బేస్‌దే. అదే ప్రీఆంప్‌లోకి వెళ్తే ఉన్న చోటంతా ఆక్రమించి, బురదలా పరుచుకుంటుంది. దాన్ని ముందే కొంత తగ్గిస్తే మిగిలిన చోటులో మిడ్‌లు గట్టిగా క్లిప్ అవుతాయి. నోటు నిలబడుతుంది, స్పష్టంగానూ ఉంటుంది.

క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే వోక్స్ ఏసీ30ని ఫుల్ వాల్యూమ్‌లో పెట్టి దాని ముందు ట్రెబుల్ బూస్టర్ వాడటంలో ఉన్న కిటుకు కూడా ఇదే. ముందు బేస్ తగ్గించు, తర్వాత గెయిన్ పెంచు. బేస్ కావాలంటే క్లిప్పింగ్ అయ్యాక మళ్ళీ కలుపుకోవచ్చు.

బూస్ట్ పెడల్ నొక్కితే శబ్దం పెరగట్లేదు, డిస్టార్షనే పెరుగుతోంది. పెడల్ పాడైందా?

పెడల్ బాగానే ఉంది, పెట్టిన చోటు వేరే పనికి. క్లిప్పింగ్‌కు ముందు బూస్ట్ పెడితే సిగ్నల్ ఇంకా ఎక్కువ కోసుకుపోతుంది, అంటే సస్టెయిన్ పెరుగుతుంది, శబ్దం దాదాపు అంతే. క్లిప్పింగ్ తర్వాత, అంటే ఆంప్ ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీఆంప్ తర్వాత పెడల్స్ కలిపే జాక్‌లు) పెడితే శబ్దం పెరుగుతుంది, డిస్టార్షన్ అంతే ఉంటుంది. సోలోలో బ్యాండ్ మీద తేలాలంటే లూప్‌లో 3 నుంచి 6 డెసిబెల్స్ చాలు. అయితే ఆంప్ మాస్టర్ ఇప్పటికే చివరిదాకా తిప్పి ఉంటే లూప్‌లో పెట్టినా పెరగదు. పవర్ ఆంప్‌లో (స్పీకర్‌ను నడిపే చివరి విభాగం) చోటు మిగలాలి.

రెండు ఓవర్‌డ్రైవ్‌లు కలిపి వాడొచ్చా, ఒక్కటే ఫుల్ పెట్టడం మంచిదా?

రెండూ తలా కొంచెం మంచిది. ఒక్కచోటే మొత్తం కోస్తే అంచులు గరుకుగా, ఇసుక రాలినట్టు వినిపిస్తాయి. మొదటిది కాస్త కోసి, రెండోది ఇంకాస్త కోస్తే నోటు నునుపుగా సాగుతుంది. మంచి ఆంప్‌ల లోపల జరిగేది కూడా ఇదే. ఒక్కటి గుర్తుంచుకోండి: చివర క్లిప్ చేసేదాని గొంతే ఎక్కువగా వినిపిస్తుంది. కాబట్టి మీకు ఏ పెడల్ స్వభావం ఇష్టమో అది చివర. పెడల్ రెండూ మారిస్తే పోలికే ఉండదు, వరుస ఒక్కటి మార్చి చూడండి.

కంప్రెసర్ పెడితే సస్టెయిన్ వస్తుందంటారు. డిస్టార్షన్ ఉంటే కూడా కావాలా?

కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్నదాన్ని పెంచి సమం చేస్తుంది. గెయిన్ బాగా ఎక్కువుంటే పెద్దగా అక్కర్లేదు, డిస్టార్షనే ఒక కంప్రెసర్. క్లీన్ టోన్‌లో, లేదా కొద్దిపాటి ఓవర్‌డ్రైవ్‌తో లీడ్ వాయించేవాళ్ళకు అది బంగారం. గిటార్ తర్వాత, డ్రైవ్‌కు ముందు పెట్టాలి. 1970లలో వచ్చిన ఎంఎక్స్ఆర్ డైనా కాంప్ మీద ఉన్నవి రెండే నాబ్‌లు, ఇప్పటికీ చాలామందికి అదే చాలు. దీని ఖరీదు వేరే రూపంలో ఉంటుంది. నోటు సన్నగిల్లేకొద్దీ కంప్రెసర్ గెయిన్ పెంచుతుంది, దాంతో వెనకనున్న హిస్ (సన్నటి బుస) కూడా పైకి తేలుతుంది. తర్వాత డిస్టార్షన్ ఉంటే ఆ హిస్ ఇంకా పెద్దదవుతుంది. సస్టెయిన్ నాబ్‌ను సగం దాటనివ్వకండి.

ఫజ్ పెడల్ సస్టెయిన్‌కు మంచిదా?

బిగ్ మఫ్ లాంటి ఫజ్ (మరీ గట్టిగా కోసే డిస్టార్షన్ పెడల్) వేస్తే నోటు చాలాసేపు పోదు. అందులో రెండు వరస క్లిప్పింగ్ దశలున్నాయి. పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోర్ దాన్ని హైవాట్ ఆంప్‌లతో వాడి లీడ్ టోన్‌కే ఒక కొలత పెట్టాడు. కానీ బిగ్ మఫ్ మిడ్‌లను తగ్గిస్తుంది, అందుకే ఇంట్లో అద్భుతంగా ఉండి బ్యాండ్‌లో మాయమవుతుంది. దాని తర్వాత మిడ్ పెంచే ఓవర్‌డ్రైవ్ ఒకటి తక్కువ డ్రైవ్‌లో పెట్టండి. ఫజ్ ఫేస్ తరహా పెడల్ అయితే గిటార్ తర్వాత మొట్టమొదట ఉండాలి. ముందు బఫర్ (సిగ్నల్‌ను కేబుల్ తినేయకుండా కాపాడే సర్క్యూట్) ఉన్న పెడల్ ఏదైనా ఉంటే అది పీలగా మారిపోతుంది.

9 వోల్ట్‌ల పెడల్‌కు 18 వోల్ట్‌లు ఇస్తే గెయిన్ పెరుగుతుందా?

పెరగదు. లోపల చోటు పెరుగుతుంది, అంటే క్లిప్పింగ్ ఆలస్యంగా మొదలవుతుంది, లీడ్‌కు మనం కోరేదానికి తిరగబడ్డ ఫలితం. ట్యూబ్ స్క్రీమర్ లాంటి వాటిలో కోసేది డయోడ్లు కాబట్టి తేడా దాదాపు వినబడదు. 18 వోల్ట్‌లకు తట్టుకుంటుందని తయారీదారు రాసి ఉంటే తప్ప పెట్టకండి. నా సొంత కోరస్ పెడల్ ఒకటి ఇలాగే పొగ వదిలింది. అడాప్టర్ మీద వోల్టేజీ చూడకుండా చీకట్లో గుచ్చాను.

## ప్రీఆంప్ లోపల

హై గెయిన్ ఆంప్‌లో, మామూలు ఆంప్‌లో అసలు తేడా ఏమిటి?

దశల సంఖ్య, అంటే సిగ్నల్‌ను పెంచే మెట్లు ఎన్ని ఉన్నాయన్నది. పాత ఫెండర్ తరహా ఆంప్‌లో గిటార్ సిగ్నల్ పవర్ విభాగం చేరేలోపు రెండు మూడు దశలు దాటుతుంది, మధ్యలో టోన్ కంట్రోల్స్ బోలెడు సిగ్నల్ మింగేస్తాయి. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో ర్యాండల్ స్మిత్ తన బూగీ ఆంప్‌లలో అదనపు దశ చేర్చి, దశకూ దశకూ మధ్య గెయిన్ కంట్రోల్ పెట్టాడు. కార్లోస్ సాంటానా సాగదీసే నోట్లకు ఆ ఆంప్ పేరు తెచ్చుకుంది. 1975లో మార్షల్ 2203 మోడల్ వచ్చింది. అందులో విడివిడిగా ఉండే రెండు ఇన్‌పుట్ దశలను ఒకదాని వెనుక ఒకటి కలిపి, చివర మాస్టర్ వాల్యూమ్ పెట్టారు. 1981 నుంచి జేసీఎం800 పేరుతో వచ్చింది ఆ కుటుంబమే.

ఒక ట్యూబ్ (గాజు వాల్వు) దశ సిగ్నల్‌ను యాభై అరవై రెట్లు పెంచగలదు. అలాంటివి మూడు నాలుగు వరసగా ఉంటే మధ్యలో ఎక్కడికక్కడ తగ్గించుకుంటూ రావాల్సిందే. కాబట్టి హై గెయిన్ ఆంప్ తయారుచేసేవాడి నేర్పంతా ఎక్కడ ఎంత తగ్గించాలన్న దగ్గరే ఉంటుంది.

ప్రీఆంప్ ట్యూబ్ మారిస్తే గెయిన్ పెరుగుతుందా?

ఇప్పుడు ఏ ట్యూబ్ ఉందన్న దాన్ని బట్టి. మన పెద్దవాళ్ళు రేడియోలో వాల్వు అనేవాళ్ళే, అదే గాజు గొట్టం. 12ఏఎక్స్7కు యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (పెంచే శక్తికి కొలత) 100. 5751కి 70, 12ఏటీ7కు 60, 12ఏవై7కు 45 దగ్గర, 12ఏయూ7కు 20 లోపు. మీ మొదటి సాకెట్‌లో 12ఏవై7 ఉంటే 12ఏఎక్స్7 పెట్టగానే తేడా తెలుస్తుంది. పాత ఫెండర్ బాస్‌మన్ నమూనా మీద కట్టిన ఆంప్‌లలో ఇలా చేస్తారు. ఇప్పటికే 12ఏఎక్స్7 ఉంటే, అది బాగుంటే, మార్చినా గెయిన్ పెద్దగా పెరగదు. ఈసీసీ83 అని రాసి ఉన్నది కూడా అదే ట్యూబ్, యూరప్ పేరు అంతే.

ఎక్కువ ప్రభావం గిటార్ జాక్‌కు దగ్గరగా ఉన్న మొదటి ట్యూబ్‌దే. రివర్బ్ నడిపే చోట ఉన్న 12ఏటీ7ను మాత్రం కదపకండి. అక్కడ దాని పని వేరు.

అన్నా, ప్రీఆంప్‌లో ఒక్క కెపాసిటర్ వేస్తే గెయిన్ డబుల్ అవుతుందట, నిజమా?

నిజమే, ఆ చోట ఇప్పటిదాకా కెపాసిటర్ లేకపోతే. ట్యూబ్ కాథోడ్ రెసిస్టర్‌కు అడ్డంగా వేసే బైపాస్ కెపాసిటర్ అది. 12ఏఎక్స్7కు 100 కిలో ఓమ్స్ ప్లేట్ రెసిస్టర్, 1.5 కిలో ఓమ్స్ కాథోడ్ రెసిస్టర్ ఉంటే, కెపాసిటర్ లేకుండా ఆ దశ గెయిన్ సుమారు 32. కెపాసిటర్ వేస్తే సుమారు 61.

ఏ విలువ వేస్తారన్నది అంతకంటే ముఖ్యం. ఫెండర్ పద్ధతిలో 25 మైక్రోఫారడ్ వేస్తే బేస్‌తో సహా అంతా పెరుగుతుంది. క్లీన్‌కు బాగుంటుంది, లీడ్‌కు బురద. మార్షల్ పద్ధతిలో 2.7 కిలో ఓమ్స్ రెసిస్టర్‌కు 0.68 మైక్రోఫారడ్ వేస్తే బేస్ వెనకబడి మిడ్‌లు, ట్రెబుల్ ముందుకొస్తాయి. నేనైతే లీడ్‌కు రెండోదే వేస్తాను. దశల మధ్య కప్లింగ్ కెపాసిటర్‌ను 0.022 నుంచి 0.0022 మైక్రోఫారడ్‌కు తగ్గించడం కూడా ఇదే దారి. ఎక్కువ గెయిన్‌లో లావు తీగ మీద నోటు ఒక్క క్షణం ఉక్కిరిబిక్కిరై మళ్ళీ తేరుకుంటుంటే దానికి ఈ మార్పు బాగా పనిచేస్తుంది.

ఆ కెపాసిటర్ నేనే ఇంట్లో వేసుకోవచ్చా?

ట్యూబ్ ఆంప్ అయితే వద్దు. లోపల 300 నుంచి 450 వోల్ట్‌ల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లు ఆ ఛార్జిని పట్టి ఉంచుతాయి, ఒక్కోసారి గంటల తరబడి. దాన్ని ఎలా దించాలో, దిగిందో లేదో మీటర్‌తో ఎలా చూడాలో తెలిసినవాళ్ళ చేతే చేయించండి. 9 వోల్ట్‌ల పెడల్ మీద మీ ఇష్టం వచ్చినన్ని ప్రయోగాలు చేసుకోండి, మహా అయితే పెడల్ పోతుంది.

ట్రాన్సిస్టర్ ఆంప్, పెడల్ ప్రీఆంప్‌లలో డయోడ్లు మార్చి గెయిన్ పెంచొచ్చా?

డయోడ్ గెయిన్‌ను పెంచదు, కోత గీత ఎత్తును మారుస్తుంది. జర్మేనియం సుమారు 0.3 వోల్ట్‌ల దగ్గర కోస్తుంది, సిలికాన్ 0.6 దగ్గర, ఎర్ర ఎల్ఈడీ 1.7 దగ్గర. ఎల్ఈడీలు వేస్తే శబ్దం పెద్దదవుతుంది కాబట్టి గెయిన్ పెరిగిందనిపిస్తుంది. నిజానికి కోత తగ్గి, సస్టెయిన్ కూడా తగ్గుతుంది. సస్టెయిన్ కావాలంటే కోత గీత కిందికి రావాలి, లేదా ముందున్న గెయిన్ పెరగాలి. ఆ గెయిన్‌ను నిర్ణయించేది ఆప్‌ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) చుట్టూ ఉన్న రెసిస్టర్లు. ఖరీదైన ఆప్‌ఆంప్ చిప్ తెచ్చి పెట్టినంత మాత్రాన గెయిన్ మారదు.

## ప్రీఆంప్ తర్వాత

ఇంట్లో అదిరిపోయిన లీడ్ టోన్ బ్యాండ్‌తో వాయిస్తే వినబడట్లేదు. ఇంకా గెయిన్ పెంచాలా?

తగ్గించాలి. గెయిన్ కాస్త తగ్గించి మిడ్ పెంచండి. ఇంట్లో చిన్న శబ్దంతో వింటే మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా అందుతాయి. అందుకని వాటిని పెంచి, మిడ్ సున్నా చేసుకుంటాం. బ్యాండ్‌లో ఆ బేస్ చోటు బేస్ గిటార్, డ్రమ్స్ కిక్‌వి. ఆ ట్రెబుల్ చోటు సింబల్స్‌ది. మనకు మిగిలింది 500 హెర్ట్జ్ నుంచి 2 కిలోహెర్ట్జ్ మధ్య, దాన్నే మనం తీసేశాం. పెళ్ళి ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ రెండు చేతులా వాయిస్తుంటే ఇంకా ఇరుకు. ఎఫెక్ట్స్ లూప్‌లో ఒక గ్రాఫిక్ ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్ భాగాలను విడివిడిగా పెంచే, తగ్గించే పెడల్) పెట్టి 800 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ లేపి చూడండి, సోలో తనంతట తానే ముందుకొస్తుంది.

సౌండ్ కార్డ్‌కో, మిక్సర్‌కో నేరుగా పెడితే టోన్ తేనెటీగలు జుయ్యిమన్నట్టు ఉంది. ఏం చేయాలి?

గిటార్ స్పీకర్ క్యాబినెట్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైనున్న దాన్ని చాలావరకు మింగేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరుకంతా అక్కడే ఉంటుంది. మిక్సర్, హెడ్‌ఫోన్స్, పీఏ స్పీకర్లు దాన్ని దాచవు. గిటార్ స్పీకర్ శబ్దాన్ని అనుకరించే క్యాబ్ సిమ్యులేటర్ లేదా ఐఆర్ లోడర్ వాడండి. మల్టీ ఎఫెక్ట్స్ ఉంటే అందులో క్యాబ్ బ్లాక్ ఆన్ చేయండి. అదీ లేకపోతే మిక్సర్‌లో హై కట్ 5 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టడం తాత్కాలికంగా గట్టెక్కిస్తుంది.

డిలే పెడితే సస్టెయిన్ పెరిగినట్టుంటుంది. అది మోసం కాదా?

మోసమే, అందరూ చేసే మోసం. 350 నుంచి 450 మిల్లీసెకన్ల డిలే, రెండు మూడు రిపీట్‌లు, మిక్స్ తక్కువగా పెడితే నోటు తోక చివర నిండుగా ఉంటుంది. డిస్టార్షన్ తర్వాతే ఉండాలి, అంటే ఎఫెక్ట్స్ లూప్‌లో. ముందు పెడితే ప్రతి ప్రతిధ్వనీ మళ్ళీ క్లిప్ అయి ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది.

గట్టిగా వాయిస్తేనే నోటు నిలుస్తోంది, చిన్న శబ్దంలో లేదు. ఎందుకు?

గట్టి శబ్దంలో స్పీకర్ నుంచి వచ్చే గాలి తాకిడి తీగను మళ్ళీ ఊపుతుంది. తీగ నిజంగా ఎక్కువసేపు ఊగేది ఇక్కడే. ఆంప్ వైపు తిరిగి ఒకటి రెండు మీటర్ల దూరంలో నిలబడి, నోటు పట్టి, అంగుళం అంగుళం కదలండి. ఒకచోట నోటు తనంతట తానే పుంజుకుని, కొన్నిసార్లు పై స్వరంలోకి మారుతుంది. ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో అంత శబ్దం కుదరదు కాబట్టి ట్యూబ్ ఆంప్‌కు అటెన్యుయేటర్ (ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య శబ్దం తగ్గించే డబ్బా) పెట్టుకుంటారు. పవర్ ట్యూబ్‌ల కంప్రెషన్ దొరుకుతుంది, గాలి తాకిడి దొరకదు. అటెన్యుయేటర్ ఓమ్స్, ఆంప్ ఓమ్స్ ఒకటే ఉండాలి. స్పీకర్ గానీ లోడ్ గానీ లేకుండా ట్యూబ్ ఆంప్ ఆన్ చేస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

## గెయిన్ పెరిగాక వచ్చే తలనొప్పులు

గెయిన్ పెంచగానే గుయ్యిమంటోంది. ప్రీఆంప్ తప్పా, ఇంటి కరెంట్ తప్పా?

గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. శబ్దం ఆగితే అది గిటార్ దగ్గర నుంచి వస్తోంది. ఆగకపోతే పెడల్స్, ఆంప్ లేదా కరెంట్ నుంచి.

గిటార్ నుంచే అయితే గదిలో ఒక్కోటీ ఆపుతూ రండి. మొదటి అనుమానం ఫ్యాన్ రెగ్యులేటర్ మీద. కరెంట్ అలను మధ్యలో కోసి వేగం తగ్గించే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు సింగిల్ కాయిల్‌లో ఘోరమైన జిర్రు పుట్టిస్తాయి. ఫ్యాన్ ఫుల్ పెట్టినా, ఆపేసినా తగ్గిపోతుంది. తర్వాత పాత ట్యూబ్‌లైట్ చోక్, ఫోన్ ఛార్జర్. కరెంట్ పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే గోల పెరిగితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, ప్యూర్ సైన్ వేవ్ రకం మీద ఆ బాధ తక్కువ.

తీగలను ముట్టుకుంటే తగ్గడం మామూలే. ఆంప్, మైక్ రెండూ ముట్టుకున్నప్పుడు జిల్లుమంటే మాత్రం వెంటనే ఆపేయండి, ఎర్త్ లేదని అర్థం. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ మాట వినకండి, ప్రాణం మీదికొస్తుంది.

నాయిస్ గేట్ పెట్టాక నోటు చివర తెగిపోతోంది.

థ్రెషోల్డ్ (ఎంత చిన్న శబ్దం దగ్గర గేట్ మూసుకోవాలన్న సెట్టింగ్) ఎక్కువైంది. తీగలు అరచేత్తో మూసి, శబ్దం అప్పుడే ఆగేంతవరకు తెచ్చి అక్కడితో ఆపండి. డికే లేదా రిలీజ్ నాబ్ ఉంటే పెంచండి. బాస్ ఎన్ఎస్-2 లాంటి వాటిలో డ్రైవ్ పెడల్స్‌ను గేట్ లూప్‌లో పెట్టొచ్చు. అప్పుడు గేట్ శుభ్రమైన గిటార్ సిగ్నల్ విని తెరవాలో మూయాలో తేలుస్తుంది, మూసేది మాత్రం డ్రైవ్ తర్వాత. నోటు తోక బతుకుతుంది.

ఎక్కువ గెయిన్‌లో సన్నగా కీచుమనే శబ్దం, గిటార్ కదిలిస్తే మారట్లేదు.

గిటార్ కదిలిస్తే మారే కీచు వేరు, అది తీగలదో పికప్‌దో. ఎటు తిరిగినా ఒకే స్వరంలో ఉంటే పికప్ లోపలి చుట్లు వదులై మైక్‌లా పనిచేస్తున్నాయి, లేదా ప్రీఆంప్ ట్యూబ్ అలా తయారైంది. గిటార్ కేబుల్ పీకి, పెన్సిల్ రబ్బరు కొసతో ట్యూబ్‌ను మెల్లగా తట్టండి. గంట కొట్టినట్టు మోగితే ట్యూబ్ మార్చండి. పికప్ అయితే మైనంలో ముంచి బిగించే పని ఉంటుంది, తెలిసినవాళ్ళకు ఇవ్వండి.

## చేతులు, వేళ్ళు, ఇతర సందేహాలు

ఎంత గెయిన్ చాలో ఎలా తెలుస్తుంది?

మెల్లగా మీటి, తర్వాత గట్టిగా మీటి వినండి. రెండూ ఒకేలా ఉంటే గెయిన్ ఎక్కువైంది, మీ చేతి మాట ఆంప్ వినడం మానేసింది. నోటు మీకు కావాల్సినంతసేపు నిలిచే చోటికి తెచ్చి, అక్కణ్ణుంచి కొంచెం వెనక్కి తిప్పండి. మిగిలింది వైబ్రేటోతో నింపుకోవాలి. వాయించని తీగలను రెండు చేతులతో మూసి పట్టుకోవడం కూడా నేర్చుకోవాలి, లేకపోతే గెయిన్ మీ నోటుతోపాటు వాటి గోలను కూడా సాగదీస్తుంది.

గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తాను. గమకానికి సస్టెయిన్ కావాలి, డిస్టార్షన్ వద్దు. దారి ఉందా?

ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చూపించిన దారే అది. మాండొలిన్ నోటు పుట్టీ పుట్టగానే పోతుంది, జంట తీగలను లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నారు. ఒంటి తీగ లాగడానికి అనువు, పికప్ వల్ల సన్నబడిన శబ్దం కూడా గమకం చివరిదాకా వినిపిస్తుంది.

గిటార్‌కైతే నెక్ పికప్, టోన్ నాబ్ కొంచెం తగ్గించి, కంప్రెసర్ ముందు పెట్టండి. తర్వాత ఓవర్‌డ్రైవ్‌ను గరుకు వినబడీ వినబడనట్టు ఉండే చోట ఆపండి. 9–42 తీగలు గమకానికి చేతికి హాయి. శ్రుతి బాక్స్‌ను మాత్రం అదే ఆంప్ ఇన్‌పుట్‌లోకి కలపకండి. రెండు స్వరాలు ఒకే క్లిప్పింగ్ దశలోంచి వెళ్తే వాటి మొత్తాలు, తేడాలు కొత్త స్వరాలుగా పుట్టి శ్రుతిని కలుషితం చేస్తాయి. షడ్జ పంచమాలు ఎలాగో ఓర్చుకుంటాయి, గాంధారం పలికిందా గందరగోళమే. శ్రుతికి వేరే స్పీకర్ పెట్టండి.

ఎప్పటికీ ఆగని నోటు కావాలంటే?

అప్పుడిక ప్రీఆంప్‌తో పని లేదు. ఈబో అనే చేతిలో పట్టే పరికరం ఉంది, 9 వోల్ట్‌ల బ్యాటరీతో అయస్కాంత క్షేత్రం పుట్టించి ఒక్క తీగను ఊపుతూనే ఉంటుంది. పిక్ పట్టుకునే చేతిలోనే దాన్ని పట్టుకోవాలి కాబట్టి వేగంగా మీటడం కుదరదు. గిటార్‌లోనే అమర్చే సస్టెయినర్ అయితే అన్ని తీగల మీదా పనిచేస్తుంది, చెయ్యి ఖాళీగా ఉంటుంది, కానీ చాలావాటిలో నెక్ పికప్ చోటు దానికి ఇచ్చేయాలి, చెక్క తొలవాల్సి రావొచ్చు. ముందు ఎవరి దగ్గరైనా ఈబో అరువు తీసుకుని ఒక వారం వాయించి చూడండి.